అమెరికా తొలినాళ్ల చరిత్ర: హైస్కూల్ క్లాసులో బట్టీ పట్టకుండా చదవడం ఎలా

మా మేనకోడలు గుంటూరులో తొమ్మిదో తరగతి పూర్తిచేసి ఇక్కడికొచ్చి హైస్కూల్లో చేరింది. లెక్కలు, సైన్సు దానికి నల్లేరు మీద నడకే. హిస్టరీ మొదటి పరీక్షకి మాత్రం చాప్టర్ మొత్తం బట్టీ పట్టి వెళ్లి, సగం మార్కులతో తిరిగొచ్చింది. "అత్తా, ఒక్క తేదీ కూడా తప్పు రాయలేదు, అయినా మార్కులెందుకు వేయలేదు?" అంటూ పేపరు నా ముందు పెట్టి ఏడ్చింది. మార్జిన్లో టీచర్ ఎర్ర ఇంకుతో మూడు చోట్ల ఒకే మాట రాశారు: "సో వాట్?"

ఆ ఏడాదంతా దాని పక్కన కూర్చుని నేనూ ఈ సబ్జెక్టు చదివాను. మాకు పనికొచ్చిన పద్ధతి వరసగా కింద రాస్తున్నాను. ఆంధ్రా నుంచో తెలంగాణ నుంచో వచ్చి ఇక్కడి హైస్కూల్లో చేరిన పిల్లలకి, వాళ్లకి సాయం చేయాలనుకునే అమ్మానాన్నలకి ఉపయోగపడాలని. మేనకోడలికి చెప్పినట్టే చెప్తున్నాను కాబట్టి "నువ్వు" అనే రాస్తాను.

1. ముందు సిలబస్ తెరిచి నీ క్లాసు ఎక్కడ మొదలవుతుందో చూడు

అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల తొలినాళ్ల చరిత్రని ఎనిమిదో గ్రేడులోనే చెప్పేస్తారు, హైస్కూల్లో మామూలు క్లాసు ఆ తర్వాతి కాలం మీద నడుస్తుంది. నువ్వు ఎనిమిదో గ్రేడు ఇక్కడ చదవలేదు, కానీ ఆ పాఠాలన్నీ నీకు తెలుసనుకునే టీచర్ ముందుకి వెళ్లిపోతుంటారు. అలాంటప్పుడు మొదటి వారంలోనే వెళ్లి "నేను ఇండియా నుంచి కొత్తగా వచ్చాను, 1800కి ముందుది నాకు తెలియదు, ఏం చదవమంటారు?" అని అడిగెయ్యి. మొహమాటపడకు. ఇక్కడ అడిగిన పిల్లల్ని టీచర్లు మెచ్చుకుంటారు, మన దగ్గరలా "క్లాసులో ఏం విన్నావు?" అని గద్దించరు.

ఏపీ యూఎస్ హిస్టరీ (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే క్లాసు) తీసుకుంటే కథ 1491లో, అంటే కొలంబస్ రావడానికి ఏడాది ముందు మొదలవుతుంది. మొదటి మూడు యూనిట్లు 1491–1607, 1607–1754, 1754–1800. నేను రాస్తున్నది ఈ మూడింటి గురించే.

2. ఒక సాయంత్రం మ్యాపుకి ఇచ్చెయ్యి

యాభై రాష్ట్రాల మ్యాపు పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద తూర్పు తీరం నువ్వే గీయి. అట్లాంటిక్, దానికి సమాంతరంగా అప్పలాచియన్ కొండలు, మధ్యలో చెసపీక్ అఖాతం, హడ్సన్ నది, పైన సెయింట్ లారెన్స్, కొండలకి అవతల మిసిసిపి. బొమ్మ అందంగా రానక్కర్లేదు. ఆ కొండలకీ సముద్రానికీ మధ్య పదమూడు కాలనీలు పెట్టు, పైవి న్యూ ఇంగ్లండ్, నడిమివి, దక్షిణాదివి అని మూడు గుంపులుగా. రాతి నేల, చలి ఉన్న మసాచుసెట్స్‌లో చిన్న పొలాలు, చేపలు, ఓడల పని. వెచ్చని వర్జీనియాలో నదుల వెంట పెద్ద పెద్ద పొగాకు తోటలు. బానిసత్వం ఎక్కడ ఎంత పాకిందన్నది సగం ఈ బొమ్మలోనే తెలిసిపోతుంది. 1763లో రాజు "ఈ కొండలు దాటి స్థిరపడకూడదు" అని గీసిన గీత ఎందుకంత కోపం తెప్పించిందో కూడా బొమ్మ వేసినవాళ్లకే అర్థమవుతుంది.

3. కథని ఇంగ్లిషు వాళ్లతో మొదలుపెట్టకు

చాలామంది పిల్లలు మొదటి యూనిట్‌ని పైపైన తిరగేస్తారు. నువ్వు అలా చేయకు. కొలంబస్ రాకముందే ఇప్పటి సెయింట్ లూయిస్ దగ్గర కహోకియా అనే పెద్ద ఊరు వెలిసి, వేలమంది బతికి, మట్టి దిబ్బలు కట్టి, అంతరించింది కూడా. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే మడిలో కలిపి పండించిన తెగలూ ఉన్నాయి. ఇక్కడొక జాగ్రత్త: పాత పత్రాల్లో "ఇండియన్స్" అని కనిపిస్తే అది మనం కాదు, మూలవాసులు. రాసేటప్పుడు నేటివ్ అమెరికన్స్ అను, వీలైతే తెగ పేరే రాయి, పౌహటాన్, వాంపనోగ్ అని.

కొలంబియన్ ఎక్స్చేంజ్ (కొలంబస్ తర్వాత ఖండాల మధ్య జరిగిన పంటల, జబ్బుల మార్పిడి) అన్న మాట దగ్గర మా మేనకోడలు ఆగిపోయింది. అటు నుంచి ఇటు ఏవొచ్చాయి, ఇటు నుంచి అటు ఏవెళ్లాయి అని ఊరికే జాబితా రాసుకుంటోంది. "ఈ రోజు మనింట్లో ఏం వండాం?" అని అడిగాను. టమాటా పప్పు, ఆలుగడ్డ వేపుడు, వేరుశనగ పచ్చడి. టమాటా, ఆలుగడ్డ, వేరుశనగ, వాటన్నిట్లో పడ్డ మిరపకాయ, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి మిరప మన దేశానికి రాకముందు మన వంటకి కారం మిరియాలదే. గుంటూరు పిల్లకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? ఆ జాబితాలో రెండో వైపు కూడా మర్చిపోకూడదు: యూరప్ నుంచి వెళ్లిన మశూచి, తట్టు లాంటి జబ్బులకి అక్కడి జనానికి ఏ రోగనిరోధక శక్తీ లేక ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఈ మార్పిడిలో ఎవరికి ఏం దక్కింది, ఎవరు ఏం పోగొట్టుకున్నారు అన్నదే టీచర్ అడిగే "సో వాట్".

4. పన్నెండు తేదీలు చాలు, వాటి మధ్య "అందుకని" పెట్టు

తేదీలు అక్కర్లేదని చెప్పను, కొన్ని కావాలి. 1607 వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలస, 1619 వర్జీనియాకి తొలి ఆఫ్రికన్లు, 1620 మేఫ్లవర్ ఓడ, 1676 బేకన్ తిరుగుబాటు, 1763 బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఏడేళ్ల యుద్ధం ముగింపు, 1765 స్టాంప్ చట్టం (కాగితాల మీద పన్ను), 1773 బోస్టన్ టీ పార్టీ, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1781 యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేన లొంగుబాటు, 1787 రాజ్యాంగం, 1791 హక్కుల బిల్లు, 1800 ఎన్నిక. ఇవి బిట్ పేపర్ లాగా కాకుండా, ఒకదాని నుంచి ఇంకోదానికి "అందుకని" అంటూ నోటితో చెప్పడం నేర్చుకో.

ఇలా: ఏడేళ్ల యుద్ధం గెలిచిన బ్రిటన్‌కి అప్పు దాదాపు రెట్టింపైంది. అందుకని కాలనీల మీద పన్నులు వేసింది. పార్లమెంటులో మాకు ప్రతినిధే లేనప్పుడు పన్నెలా వేస్తారని కాలనీలు తిరగబడ్డాయి. అందుకని 1766లో స్టాంప్ చట్టం ఎత్తేశారు, కానీ అదే రోజుల్లో "మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుంది" అని ఇంకో చట్టం చేశారు. అందుకని గొడవ సద్దుమణగలేదు.

దీన్ని నేను వీడియో కాల్లో వాళ్ల నానమ్మకి తెలుగులో చెప్పించేదాన్ని. ఒకరోజు టీ పార్టీ గురించి చెప్తోంది: 1773 డిసెంబర్ 16 రాత్రి, 342 పెట్టెల టీ, బోస్టన్ రేవులో నీళ్లపాలు. పన్ను ఎక్కువని కోపమొచ్చి పారబోశారు నానమ్మా అంది. పక్కనే ఉన్న నేను "అప్పుడొచ్చిన టీ చట్టం వల్ల టీ రేటు తగ్గిందిగా" అన్నాను. అంతే, మా అమ్మ పట్టుకుంది: "చవగ్గా ఇస్తుంటే ఎందుకు పారబోశారే?" పిల్ల దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని వెతుక్కుంది. ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంటే దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంటు నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది, రేటు తగ్గింది, కానీ పాత పన్ను మాత్రం అలాగే ఉంచింది. చవకని చూసి కొంటే ఆ పన్ను వేసే హక్కుని ఒప్పుకున్నట్టే అవుతుంది, పైగా స్థానిక వర్తకుల నోట్లో మట్టి కొట్టి ఒక్క కంపెనీకి కట్టబెట్టినట్టవుతుంది. పరీక్షలో అడిగేది అక్షరాలా నానమ్మ అడిగిందే. ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పి, వాళ్ల ప్రశ్నలకి జవాబివ్వు. ఎక్కడ తడబడితే అక్కడ నీకు అర్థం కానట్టు.

5. ఇంగ్లిషు పదాలు అడ్డం పడితే తెలుగులో అర్థం చేసుకుని ముందుకెళ్లు

ఈ పుస్తకాల్లో భయపెట్టేది చరిత్ర కాదు, పదాలు. "సాల్యుటరీ నెగ్లెక్ట్" అని వస్తుంది, అంటే కాలనీల వ్యాపార చట్టాల్ని బ్రిటన్ చూసీ చూడనట్టు వదిలేయడం. "ఇండెంచర్డ్ సర్వెంట్" అంటే ఓడ ఖర్చుకి బదులు నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చినవాడు. పంతొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి మారిషస్‌కి, నటాల్‌కి, ఆ తర్వాత ఫిజీకి వెళ్లిన ఒప్పంద కూలీలు గుర్తొస్తే ఇది వెంటనే తలకెక్కుతుంది. "మెర్కంటిలిజం" అంటే ముడిసరుకు నువ్వు పండించు, తయారైన సరుకు నా దగ్గరే కొను, లాభం నాకు. "చార్టర్" రాజు ఇచ్చిన పట్టా. నోట్‌బుక్ చివరి పేజీల్లో ఇలాంటివి ఓ ముప్పై రాసుకో, డిక్షనరీ అర్థం కాదు, నీ మాటల్లో.

6. మనకి తెలిసిన కంపెనీయే ఇక్కడా ఉంది

నువ్వు ఏమీ తెలియకుండా రాలేదు, ఇది నమ్ము. జేమ్స్‌టౌన్ పెట్టిన వర్జీనియా కంపెనీకి కోశాధికారిగా చేసిన సర్ థామస్ స్మైత్, ఈస్టిండియా కంపెనీకి తొలి గవర్నర్. వర్జీనియాలో 1607లో వలస, మన దగ్గర 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి. రెండూ లండన్‌లో వాటాలు పోగేసిన వర్తకుల పనే. 1754లో ఒహాయో లోయలో మొదలైన తగాదా ఏడేళ్ల యుద్ధంగా మారితే, అదే ఇంగ్లిషు ఫ్రెంచి వైరం 1758 డిసెంబర్లో పిఠాపురం దగ్గర చందుర్తిలో, 1759లో మచిలీపట్నం కోట దగ్గర తుపాకులు పేల్చింది. యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబర్ 19న ఓడిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? 1786లో మన గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టింది ఆయనే, తర్వాత ఆ పద్ధతే మన ఉత్తర సర్కారుల జమీందార్ల దాకా వచ్చింది.

క్లాసులో ఈ మాట చెప్తే అందరూ తలతిప్పి చూస్తారు. వ్యాసంలో మాత్రం ప్రశ్నకి సంబంధం ఉంటేనే వాడు. బ్రిటిష్ సామ్రాజ్యం గురించి అడిగితే బంగారం లాంటి ఆధారం, న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల గురించి అడిగితే అనవసరం. ఇంకోటి, బోస్టన్‌లో పారబోసింది చైనా టీ. అప్పటికి అస్సాంలో టీ తోటలు లేవు, పొరపాటున కూడా ఇండియా టీ అని రాయకు.

7. పత్రాన్ని సాక్షిని అడిగినట్టు అడుగు

ఇదే అసలు పని, దీనికే ఎక్కువ సమయం పెట్టు. మన దగ్గర పాఠ్యపుస్తకంలో ఉన్నది నిజం, అంతే. ఇక్కడ నీ చేతికి ఒక ఉత్తరమో, చట్టమో, బొమ్మో ఇచ్చి దీన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పమంటారు. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎవరు చూడాలని, దానివల్ల వాళ్లకేం ఒరిగింది అని నాలుగు ప్రశ్నలు వేసుకో.

బోస్టన్ వెండిపనివాడు పాల్ రివీర్ చెక్కిన బోస్టన్ మాసకర్ (బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపిన ఘటన) బొమ్మ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, తీసి పక్కన పెట్టుకుని చదువు. 1770 మార్చి 5 ఘటన, కొన్ని వారాల్లోనే ఈ బొమ్మ అమ్మకానికొచ్చింది. కుడివైపు ఎర్రకోట్ల సైనికులు కవాతులో నిలబడ్డట్టు తిన్నటి వరసలో ఒకేసారి కాలుస్తున్నారు, వెనక కెప్టెన్ ప్రెస్టన్ కత్తి ఎత్తి ఆజ్ఞ ఇస్తున్నాడు. ఎడమవైపు చేతుల్లో ఏమీ లేని జనం, నేల మీద నెత్తురు, ముందర ఒక కుక్క. సైనికుల వెనక భవనం మీద బోర్డు చూడు, "బుచర్స్ హాల్" అని ఉంటుంది, అంటే కసాయి కొట్టు. నిజానికి అది కస్టమ్స్ ఆఫీసు. రాత్రి తొమ్మిది దాటాక జరిగింది, నేలంతా మంచు. బొమ్మలో మూలన చంద్రుడున్నాడు కానీ వెలుతురు పట్టపగలే, మంచు జాడ లేదు. జనం మంచు ముద్దలు, కర్రలు విసిరారని సాక్ష్యాలున్నాయి, బొమ్మలో లేవు. చనిపోయిన ఐదుగురిలో క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, మూలవాసి రక్తం ఉన్నవాడు. రంగులద్దిన చాలా ప్రతుల్లో ఆ నల్లని మొహమే కనిపించదు.

ఇక రెండో వైపు పెట్టు. విచారణలో సైనికుల తరఫున వాదించింది తర్వాత రెండో ప్రెసిడెంట్ అయిన జాన్ ఆడమ్స్. ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు, ఎనిమిదిమంది సైనికుల్లో ఆరుగురు విడుదల, ఇద్దరికి హత్య కాని నరహత్య కింద శిక్ష. అలాగని రివీర్ బొమ్మ అబద్ధం, పారెయ్ అని రాస్తే మార్కు రాదు. ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసుకోవడానికి అది బలహీనమైన సాక్ష్యం, బోస్టన్ దేశభక్తులు జనాన్ని ఏం నమ్మించాలనుకున్నారో తెలుసుకోవడానికి చాలా బలమైన సాక్ష్యం. ఈ తేడా పట్టుకున్న రోజు నీకు ఈ సబ్జెక్టు వచ్చినట్టే లెక్క. మా పిల్లకి రెండు నెలలు పట్టింది.

8. బానిసత్వం గురించిన పాఠాన్ని తొందరగా తిప్పేయకు

బాధగా ఉంటుంది, చదువు. ముఖ్యంగా అది ఒక్కరోజులో రాలేదు, చట్టం మీద చట్టం పేర్చి కట్టారని గమనించు. 1619లో వర్జీనియాకి వచ్చిన ఆఫ్రికన్ల స్థితి ఇంకా స్పష్టంగా రాసిపెట్టి లేదు. 1662లో బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని వర్జీనియా చట్టం చేసింది, అంటే బానిస తల్లి కన్న బిడ్డ పుట్టుకతోనే బానిస, తండ్రి యజమానే అయినా సరే. 1676లో గవర్నర్ మీద తిరగబడ్డ బేకన్ అనే తోటల యజమాని వెంట పేద తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి నడిచి జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. ఆ తర్వాత తోటల యజమానులు ఒప్పంద కూలీల్ని తగ్గించి బానిసల వైపు మళ్లారు. ఆ తిరుగుబాటు ఒక్కటే కారణమా, ఇంగ్లండ్ నుంచి కూలీలు రావడం తగ్గడం కారణమా అన్నదాని మీద చరిత్రకారులు వాదించుకుంటారు, నువ్వూ వాదించొచ్చు. 1705కల్లా బానిస చట్టాలన్నీ ఒకచోట చేరాయి.

తర్వాత 1787 రాజ్యాంగం తెరిచి "స్లేవ్" అన్న మాట వెతుకు. దొరకదు. "అదర్ పర్సన్స్" అని ఉంటుంది, వాళ్లని ఐదింట మూడు వంతులుగా లెక్కించమని ఉంటుంది. రాయడానికి ఎందుకు వెనకాడారు? దాని మీద ఒక పేరా రాయి, టీచర్‌కి చూపించు. అలాగే 1790 పౌరసత్వ చట్టం చూడు, "స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే" అంటుంది. ఆ మాట పట్టుకునే 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీకి పౌరసత్వం కుదరదంది, 1946 దాకా ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఆ తలుపు మూసే ఉంది. తొలినాళ్ల చరిత్ర మనకెందుకు అనే అమ్మానాన్నలకి నేను చూపించేది ఈ చట్టమే.

9. వ్యాసం: పేజీలు నింపకు, ఒక మాట మీద నిలబడు

"విప్లవం అమెరికా సమాజాన్ని ఎంతవరకు మార్చింది?" అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. "చాలా విధాలుగా మార్చింది, కొన్ని విధాలుగా మార్చలేదు" అని మొదలుపెడితే ఏమీ చెప్పనట్టే. మా పిల్ల చివరికి రాసింది ఇలా ఉంది: రాజు పోయి జనం పేరుతో పాలన వచ్చింది, ఉత్తరాదిలో బానిసత్వం నెమ్మదిగా రద్దు దారి పట్టింది, కానీ దక్షిణాదిలో అది ఇంకా బిగుసుకుంది, స్త్రీల స్థితి పెద్దగా కదల్లేదు, కాబట్టి మారింది పాలన ఎక్కువ, సమాజం తక్కువ. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు, అందుకే ఇది థీసిస్. ఆధారాలకి 1780 పెన్సిల్వేనియా క్రమ రద్దు చట్టం, 1776 మార్చి 31న అబిగైల్ ఆడమ్స్ తన భర్త జాన్ ఆడమ్స్‌కి స్త్రీలని మరవొద్దని రాసిన ఉత్తరం పెట్టింది. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు 1807 వరకు ఓటు వేశారన్నది తన వాదనకి ఎదురొచ్చేదే, దాన్నీ దాచకుండా రాసి, ఆ హక్కుని తర్వాత లాగేసుకున్నారని చూపించింది. ఎదురు ఆధారాన్ని నువ్వే తెచ్చి జవాబిస్తే వ్యాసం బరువు పెరుగుతుంది.

ఏపీ పరీక్షలో డీబీక్యూకి (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్, అంటే పత్రాలు చదివి రాసే వ్యాసం) ఏడు పత్రాలిస్తారు, గంట సమయం, అందులో పావుగంట చదవడానికే అనుకో. ఏడు మార్కులు. థీసిస్‌కి ఒకటి, ముందు నేపథ్యానికి ఒకటి, పత్రాలని వాదనకి వాడినందుకు రెండు, పత్రాల్లో లేని ఆధారం సొంతంగా తెచ్చినందుకు ఒకటి, పత్రం ఎవరు ఎందుకు రాశారో రెండు పత్రాలకి వివరిస్తే ఒకటి, విషయంలోని చిక్కుముడిని చూపించినందుకు ఒకటి. పత్రంలో ఉన్నది తిరగరాయడం మీద పెట్టే సమయం తగ్గించు. 2025 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదే కాబట్టి టైపింగ్ కూడా సాధన చెయ్యి, మన పిల్లలు దీన్ని పట్టించుకోరు. వారానికి ఒక్క వ్యాసం, గడియారం పెట్టుకుని, నలభై నిమిషాలు. అంతకంటే ఎక్కువొద్దు, కానీ ఏ వారం మానొద్దు.

10. వీలైతే వెళ్లి చూడు

వర్జీనియాలో జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్ మూడింటినీ కలుపుతూ 23 మైళ్ల కలోనియల్ పార్క్‌వే ఉంది, చెట్ల మధ్య నుంచి నదుల పక్కగా పోతుంది. మేము వేసవి సెలవుల్లో పులిహోర కట్టుకుని వెళ్లాం. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన మైదానం ఇప్పుడు ఖాళీగా పచ్చగడ్డి. ఆ రోజు కార్న్‌వాలిస్ ఒంట్లో బాగోలేదని రాలేదు, కింది అధికారి ఓహారా చేత కత్తి పంపాడు. ఓహారా దాన్ని ముందు అమెరికన్ల పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని రోషాంబోకి ఇవ్వబోయాడు, ఆయన వాషింగ్టన్‌ని చూపించాడు, వాషింగ్టన్ తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌కి ఇమ్మన్నాడు. మా పిల్ల ఆ గట్టు మీద కూర్చుని నోట్‌బుక్ తీసి, ఓహారా ముందు ఫ్రెంచి వాడి దగ్గరికే ఎందుకెళ్లాడు అని రాసుకుంది. కారెక్కేదాకా దాని మీదే నాతో వాదించింది.